ఇంగ్లీషులో చెప్పాను గదా!

1964 జనవరి 1, బుధవారం. ఉదయం 6.30

ఈ డైరీ బెంగళూరు హోల్‌సేల్ వ్యాపారి ఉచితంగా పంపాడు. ఉచితం కాబట్టి మొదటి పేజీ నిండా వాడి ఫోటోనే. ఆ మొహం మీద అగ్గిపెట్టె లేబుల్ ఒకటి అంటించి రాయడం మొదలుపెడుతున్నాను.

తీర్మానం: ఈ ఏడాది ఇంగ్లీషు నేర్చుకుంటాను!

కారణం: ఎదురంగడి పిళ్ళప్ప. నిన్న బోర్డు మార్పించాడు. పసుపు రంగు మీద ఇంగ్లీషు అక్షరాలు. సరుకు కొన్న ప్రతి ఒక్కరికీ 'థాంక్యూ' అంటున్నాడు. మెంతులు కొన్న ముసలమ్మకు కూడా థాంక్యూ! ఆమె ఏదో తిట్టాడనుకుని పొట్లం అక్కడే వదిలేసి వచ్చింది. వీడికి ఇంగ్లీషు రాదు, ఆ ఒక్క మాటే వచ్చు. దాంతోనే చిక్కబళ్ళాపురం బజారు వీధికి దొర అయిపోయాడు.

రోజుకు పది మాటలు. ఏడాదికి మూడువేల ఆరువందల యాభై. లీపు సంవత్సరం కాబట్టి ఇంకో పది. డిసెంబరుకల్లా పిళ్ళప్ప తన బోర్డు తనే దించేసుకోవాలి.

సాయంత్రం 5.00

నరసింహయ్య మేష్ట్రు ఇంటికి వెళ్ళాను. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. ఆయన దగ్గర చదివినవాళ్ళకు ఇంగ్లీషు రాదు కానీ ఆయన పేరు చెబితే ఇప్పటికీ లేచి నిలబడతారు. రోజుకు పది మాటలు అనగానే నశ్యం పీల్చి నవ్వాడు.

"పది యాలప్పా గంగప్పా? ఒగటి చాలు. దాని అర్థమేందో తెలుసుకో, దాన్నే దినామూ వాడు. ఇంగ్లీషులో తోక ఉండే క్రియలని ఉంటాయి. ఒంటి మాటలు ఎవురైనా నేరుస్తారు. తోక పట్టుకున్నోడికే ఇంగ్లీషొచ్చేది. నెలకు ఒగటి."

నెలకు ఒకటి! ఏడాదికి పన్నెండు తోకలు. బేరం నచ్చలేదు. కానీ ఫీజు కాఫీపొడే కాబట్టి ఒప్పుకున్నాను.

జనవరి 2, గురువారం

మొదటి పాఠం. పలక తెచ్చుకోమన్నాడు, నలభై రెండేళ్ళవాడిని. తెచ్చుకున్నాను.

"నీ అంగట్లో నువ్వు దినామూ ఎక్కువగా చెప్పే మాట ఏది?" అన్నాడు మేష్ట్రు.

"రేపు రాండి."

"అది ఎప్పుడు చెప్తావు?"

"సరుకు అయిపోయినప్పుడు."

"ఇంగ్లీషోడు అట్ల చెప్పడు. అయిపోయిందనే చెప్తాడు," అని పలక మీద రాశాడు: రన్ అవుట్ ఆఫ్.

నోట్సు:

రన్ అంటే పరుగెత్తు. అవుట్ అంటే బయటికి. రెండూ కలిస్తే ఎవరూ పరుగెత్తరు, సరుకు అయిపోతుంది. ఎందుకు అని అడగకూడదు (అడిగాను, తిట్టాడు).

వి హావ్ రన్ అవుట్ ఆఫ్ షుగర్. మా దగ్గర చక్కెర అయిపోయింది.

ముందు ఉండి ఉండాలి. ఉండి, వాడకంలో అయిపోవాలి. మా అంగట్లో ఎప్పుడూ పెట్టని వస్తువుకు ఈ మాట చెల్లదు. ఉదాహరణ: విమానం.

సరుకులకే కాదు. ఓపిక, సమయం, సాకులు కూడా రన్ అవుట్ అవుతాయి. సాకుల ఉదాహరణ చెప్పేటప్పుడు మేష్ట్రు నా వైపు చూశాడు. ఎందుకో!

జనవరి 3, శుక్రవారం

మేష్ట్రు తనకు తెలియకుండానే నాకొక వరం ఇచ్చాడు.

ఇది మా తాత పెట్టిన అంగడి. ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. గద్దె మీద కూర్చున్న మనిషి ఒక రెండక్షరాల మాట అనకూడదు. అంటే లక్ష్మి విని, 'సరే, నీ ఇష్టం' అని లేచి వెళ్ళిపోతుందట. ఆ మాట ఏదో ఇక్కడ రాయను, ఎందుకంటే ఈ డైరీ కూడా గద్దె మీద కూర్చునే రాస్తున్నాను. మా అంగట్లో బియ్యం నిండుకుంటాయి. దీపం కొండెక్కుతుంది. మిగతా సరుకంతా రేపు వస్తుంది.

గద్దె వెనక గడప మీద మా అమ్మ జయలక్ష్మమ్మ చేటలో కందులు ఏరుతూ కాపలా కాస్తుంది. పక్కన పిడుగు పడినా వినపడదు కానీ ఆ మాట మొదటి అక్షరం నా నోట్లో పుట్టగానే దగ్గుతుంది. ఎవరైనా 'ఏం విశేషం గంగప్పా' అని పలకరిస్తే 'ఏమీ...' దగ్గర ఆగి, 'అంతా చల్లగా ఉంది' అని తిప్పుకోవాలి. 'రాలేదు', 'తినలేదు' అనవచ్చు. తోకగా వస్తే దోషం అంటదట, ఒంటిగా వస్తేనే అంటుతుందట. ఈ వ్యాకరణం ఆమె సొంతం.

కన్నడంలో అంటే? ఇది పదేళ్ళ కిందటే అడిగాను. "ఆ తల్లి ఈ ఊర్లో ఇన్నేండ్లుగా ఉండాది, కన్నడం రాకుండా ఉంటాదా?" అంది.

ఈ రోజు అడిగాను: ఇంగ్లీషులో అంటే?

చాలాసేపు కందులు ఏరింది. "ఇంగ్లీషు ఆ తల్లికి యాడొస్తుంది లేప్పా. అనుకో," అంది.

లైసెన్సు దొరికింది!

జనవరి 4, శనివారం

ఉదయం 9.10. తొండేభావి ముత్యాలప్ప వచ్చి మా చంద్రికలు ముప్పై, అన్నీ, నెలకు పైగా బాడుగకు తీసుకుపోయాడు. (వెదురు చాప మీద వెదురు బద్దను సుడులు సుడులుగా నిలబెట్టి కట్టిన తట్టె. పండిన పట్టుపురుగు ఆ సుడుల మధ్య గూడు కట్టుకుంటుంది. ఇది ఈ జిల్లాలో అందరికీ తెలుసు. పై జిల్లావాడెవడైనా ఈ డైరీ చదివి మేధావిలా ప్రశ్నలు వేస్తాడని రాస్తున్నాను.)

9.40. తాలూకా ఆఫీసు గుమాస్తా చెన్నరాయప్ప చక్కెర అడిగాడు. గొంతు సవరించుకున్నాను. "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ షుగర్!" ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఓ, ఐ సీ," అన్నాడు. నేను మనసులో ఈల వేసుకున్నాను. అమ్మ దగ్గలేదు. లక్ష్మి కదల్లేదు.

ఈ రోజు వాడకం: చక్కెర రెండుసార్లు, కిరసనాయిలు ఒకసారి, సబ్బులు ఒకసారి. సబ్బులు నిజానికి ఉన్నాయి. అభ్యాసం కోసం అన్నాను.

జనవరి 6, సోమవారం

మండికల్ దగ్గరి పల్లె నుంచి హనుమక్క వచ్చింది. మొగుడు పోయి మూడేళ్ళు. పోయిన ఉగాదికి మరుదులు వేరు పెట్టారు. ఆమె వాటాకు కొంచెం మల్బరీ తోట, ఒక కొట్టం వచ్చాయి. పట్టుపురుగులు ఆమె చేతి మీద మొదటి పంట.

"రెండో జ్వరం లేచినాయప్పా," అంది. పురుగు నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుకుని, పొర విడుస్తుంది. దానికే జ్వరమని పేరు. నాలుగో జ్వరం లేచాక ఎనిమిది రోజులు విడవకుండా మేసి పండుతుంది. పండిన పూటే చంద్రికకు ఎక్కించాలి. ఆలస్యమైతే ఎక్కడపడితే అక్కడ దారం కక్కి, పంట పాడవుతుంది.

"ఈ పంట చెడిందంటే మరుదులు తోట మళ్ళా కలుపుకుంటామంటాండారు. ఆడమనిషికి యాడయితాదని ఇప్పుడే నవ్వుతాండారు. ఇరవై చంద్రికలు కావల్లప్పా. మీ నాయన కాలం నుంచి మాకు ఈ అంగడే గదా."

నా దగ్గర ఇరవై కాదు, అర చంద్రిక కూడా... (ఆపేశాను. గద్దె.)

ఎదురుగా పిళ్ళప్ప అంగడి చూరుకు నలభై చంద్రికలు వేలాడుతున్నాయి. ఆమె వీపు అటు ఉంది.

"రేపొస్తాయమ్మా," అన్నాను.

ఆమె వెళ్ళాక ఇంగ్లీషు గుర్తొచ్చింది. అప్పుడు రాలేదు. నాలుగు రోజుల చదువుకు ఎంత గుర్తుంటుంది? గుడిబండెలో ఉన్న మేదర ఆంజనప్పకు బస్సులో కబురు పంపాను: ఇరవై చంద్రికలు అల్లు, తొందర. కాబట్టి 'రేపు' అబద్ధం కాదు. కొంచెం పొడుగైన రేపు, అంతే.

జనవరి 9, గురువారం

వ్యాపారం పల్చబడింది.

కారణం కనిపెట్టాను. 'రన్ అవుట్' అర్థమైనవాడు అక్కడ నిలబడడు. చెన్నరాయప్ప ఆ రోజు 'ఐ సీ' అని నేరుగా పిళ్ళప్ప దగ్గరకు వెళ్ళి చక్కెర కొన్నాడట. బస్ కండక్టరూ అంతే. పోస్టాఫీసువాడూ అంతే. ఇదివరకు 'రేపు రాండి' అంటే మనిషి కాసేపు కూర్చునేవాడు, ఆకువక్క వేసుకునేవాడు, లోకం పాడైపోయిందనేవాడు, ఊరికే పోవడమెందుకని జీలకర్రో సాంబ్రాణో కొనేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. నిజం చెబితే ఒక్క క్షణం కూడా కూర్చోడు. నిజం వ్యాపారానికి పనికిరాదని ఇంగ్లీషువాళ్ళకు ఎవరూ చెప్పలేదేమో.

పిళ్ళప్ప నన్ను చూసి చెయ్యి ఊపాడు. థాంక్యూ అన్నాడు!

జనవరి 12, ఆదివారం. సంత

గొప్ప కనుగోలు!

పల్లెవాళ్ళకు ఇంగ్లీషు రాదు. 'వి హావ్ రన్ అవుట్ ఆఫ్ జాగరీ' అంటే తల ఊపుతారు, కూర్చుంటారు, బెల్లం ఎప్పుడు లోపల నుంచి తెస్తానా అని చూస్తూ ఉప్పు కొంటారు. నిజం చెప్పినట్టూ అయింది, మనిషి నిలబడినట్టూ అయింది.

కొత్త పద్ధతి, ఈ రోజు నుంచి:

ఇంగ్లీషు తెలిసినవాళ్ళకు: రేపు రాండి.

తెలియనివాళ్ళకు: రన్ అవుట్.

ఈ ఊళ్ళో నాలాంటి బుర్ర గద్దె మీద కూర్చుని వృథా అవుతోంది.

జనవరి 15, బుధవారం. ఉదయం 10.20

హనుమక్క వచ్చింది. నాలుగో జ్వరం లేచాయి. ఇంకో ఎనిమిది రోజులు. ఆంజనప్ప నుంచి కబురు రాలేదు.

ఈ రోజు చెప్పేయాలనుకున్నాను. చెప్పాను కూడా!

"హనుమక్కా, వి హావ్ రన్ అవుట్ ఆఫ్ చంద్రికాస్."

"అదేందప్పా?"

"ఇంగ్లీషు."

ఆమె కాసేపు నా మొహం చూసింది. తరువాత మొహమంతా వెలిగింది. "ఇంగ్లీషులో చెప్పినావంటే గెట్టిమాటే లేప్పా. సర్కారు కాగితాలన్నీ ఇంగ్లీషులోనే గదా వచ్చేది. నాకు దిగులు తీరింది. నేను వేరే ఎవుర్నీ అడగను." కొంగులోంచి రెండు నిమ్మకాయలు తీసి గద్దె మీద పెట్టి పోయింది.

నేను చెప్పాను. అర్థం చేసుకోవడం ఆమె పని. ఒక మనిషి నిజం చెప్పి, దాన్ని మళ్ళీ వివరించి, మళ్ళీ కన్నడంలో రాసి, వేలిముద్ర కూడా తీసుకోవాలా?

నిమ్మకాయలు బాగున్నాయి.

జనవరి 17, శుక్రవారం

పాఠం. చంద్రికల వాక్యం మేష్ట్రుకు ఒప్పజెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఎవురికి చెప్పినావు?"

"హనుమక్కకు."

"ఆమెకు తెలిసిందా?"

"తల ఊపింది."

ఆయన నశ్యం డబ్బీ మూత పెట్టేశాడు. "అట్లయితే నువ్వు చెప్పినట్ల కాదు గంగప్పా. గోడకు చెప్పినట్ల. అర్థం నీకొక్కడికి తెలిస్తే సరిపోదు, వాడుక అంటే ఎదుటోడికి ముట్టేది."

రిటైరైనవాళ్ళకు సమయం రన్ అవుట్ కాదు, అందుకే ఇవన్నీ ఆలోచిస్తారు. కాఫీపొడి ఇచ్చి తిట్లు కొనుక్కుంటున్నాను.

జనవరి 19, ఆదివారం. సంత

మేదర ఆంజనప్ప సంతకు వచ్చాడు. చేతిలో చంద్రికలకు బదులు ఒక బుట్ట, అది కూడా ఇంకెవరికో.

"వెదురు లారీ శివమొగ్గ కాడే నిల్చిపోయిందప్పా. రేపు తెస్తా," అన్నాడు.

రేపు! నా ఎదుట! రేపు అంటే ఏమిటో నాకు తెలియదా? ఎంత మోసగాడు. ఉన్న మాట చెప్పడానికి ఈ మనుషులకు ఏం రోగం?

పిళ్ళప్ప చూరు కింద పన్నెండు మిగిలాయి. చాలామంది పురుగులు ఒకేసారి పండుతున్నాయి.

జనవరి 21, మంగళవారం

ఉదయం: పిళ్ళప్ప దగ్గర పన్నెండు.

మధ్యాహ్నం: పిళ్ళప్ప దగ్గర అయిదు.

సాయంత్రం 4.00: చూరు బోసిగా ఉంది.

మండికల్ బస్సు నా అంగడి ముందే ఆగుతుంది. కండక్టరుతో ఒక కబురు పంపితే సరిపోయేది. ఉదయం పంపి ఉండవచ్చు. కానీ ఆ కబురులో ఏమని చెప్పాలి? 'పిళ్ళప్ప దగ్గరకు వెళ్ళు' అనాలి. నా నోటితో! మా తాత లేచి వచ్చి కొడతాడు. అయినా ఆంజనప్ప రేపు తేవచ్చు. లారీ కదిలి ఉండవచ్చు. హనుమక్క పురుగులు ఒక రోజు ఆలస్యంగా పండవచ్చు. సాకులు కూడా రన్ అవుట్ అవుతాయన్న మేష్ట్రు పాఠం తప్పు. నా దగ్గర బోలెడు స్టాకు ఉంది.

జనవరి 23, గురువారం

అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. గద్దె ఎక్కాలనిపించలేదు.

ఉదయం 7.45. తలుపు పలకలు తీయకముందే ఎద్దుబండి వచ్చి నిలిచింది. హనుమక్క దూకినట్టు దిగింది. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

"పండినాయప్పా! సగం తట్టలు పండినాయి. పసుప్పచ్చగా మెరుస్తా తలలెత్తి చోటు ఎతుక్కుంటాండాయి. బిరీన ఎత్తించు!"

నేను వీధిలో నిలబడి ఉన్నాను. అక్కడ ఏ మాటైనా అనవచ్చు. లక్ష్మి వీధిలోకి రాదు. అయినా నా నోట్లోంచి ఇదే వచ్చింది: "రన్ అవుట్..."

"చెప్పినావు గదప్పా. యాడుండాయి?"

లోపల అమ్మ దగ్గింది. నేను అరచేతులు రెండూ చాచి చూపించాను. ఖాళీ చేతులు. ఆమె వాటిని చూసింది, నా మొహం చూసింది, అంగడి చూరు చూసింది.

"లేవా?"

నేను నేల చూశాను.

"లేదు అని ఒగ మాట తెలుగులో చెప్పింటే పిళ్ళప్ప కాడ తెచ్చుకునిందునే గదప్పా. పదిహేడు దినాలు! నలభై ఏలాడతాండె ఆడ. చూస్తానే పోతి. గంగప్ప మాటిచ్చినాడు, మనకెందుకు అనుకుంటి. నువ్వు రేపు రేపు అన్నావు, పురుగుకు రేపు తెలీదు గదప్పా!"

"ఇంగ్లీషులో చెప్పాను గదా!" అన్నాను.

ఈ మాట అన్నది నేనే. డైరీ అంటే అన్నీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆమె పిళ్ళప్ప దగ్గరకు పరుగెత్తింది. వాడు చేతులు జోడించి 'సారీ' అన్నాడు. రెండో మాట నేర్చుకున్నాడు, వెధవ. అది కూడా సమయానికి వాడాడు.

8.20. పురుగు ఎక్కడానికి ఏవో పుల్లలు కావాలి. అంగట్లో ఉన్న చీపుర్లన్నీ, ఇరవై ఆరు, బండికి ఎత్తాను. వెనక వీధి ఇళ్ళలో తిరిగి ఎండు కందికట్టె రెండు మోపులు తెచ్చాను. ఆమె నా వైపు చూడకుండా సర్దుకుంది. బండి కదిలింది.

8.50. ఒకామె చీపురు అడిగింది. "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ బ్రూమ్స్," అన్నాను. అర్థం, సందర్భం అన్నీ సరిపోయాయి. ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి. ఆమెకు అర్థం కాక కూర్చుంది. లేపి, తెలుగులో చెప్పి, పిళ్ళప్ప దగ్గరకు పంపాను.

సిగ్గుగా ఉంది. చాలా సిగ్గుగా ఉంది.

జనవరి 24

రాయడానికి ఓపిక రన్ అవుట్.

జనవరి 26, ఆదివారం. సంత

కథ బస్సెక్కింది. బాగేపల్లి దాకా పోయి, చింతామణి మీదుగా తిరిగి వచ్చింది. సంతకు వచ్చిన ప్రతి మనిషీ నా అంగడి ముందు ఆగి, "గంగప్పా, ఉప్పు ఉండాదా, రన్నౌటా?" అంటున్నాడు. నవ్వుకుంటూ పిళ్ళప్ప దగ్గరకు పోతున్నాడు. ఒకడు నా గొడుగు చూసి ఇది కూడా రన్నౌటా అన్నాడు. అర్థం తెలియదు, వాడుక తెలియదు, నవ్వడం మాత్రం తెలుసు. మూర్ఖులు. అయినా తొంభై శాతం వాడుక సరిగ్గానే ఉంది.

మధ్యాహ్నం అమ్మ చేట పక్కన పెట్టింది.

"ఇంగ జాలప్పా. ఊరంతా తెలిసినాక ఆ తల్లికి తెలీకుండా ఉంటాదా? ఆ ఇంగ్లీషు మాట గూడా గద్దె మీద అనొద్దు."

లైసెన్సు రద్దు.

"అమ్మా, హనుమక్క పంట పోయింది మన వల్ల," అన్నాను.

"పాపం," అంది. నిజంగానే కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చేట తీసుకుని, "అయినా నువ్వు ఆ మాట అనలేదు గదా. గద్దె చల్లగా ఉండాది," అంది.

జనవరి 30, గురువారం

మేదర ఆంజనప్ప వచ్చాడు. ఇరవై చంద్రికలు, పచ్చి వెదురు వాసనతో. "చెప్తి గదప్పా, తెస్తానని," అన్నాడు, ఏదో సాధించినట్టు.

చూరుకు వేలాడదీశాను. చూడటానికి చాలా బాగున్నాయి. చూడబుద్ధి కాలేదు.

జనవరి 31, శుక్రవారం. ఉదయం 11.00

హనుమక్క వచ్చింది. నెత్తి మీద చీపుర్ల మోపు. ఇరవై ఆరూ. ఒక్కొక్క పుల్లకు అంటుకున్న పట్టు నూగు తీసేసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కట్టలు కట్టింది.

"నీ చీపుర్లప్పా," అని గద్దె పక్కన పెట్టింది.

పంట సంగతి అడగకుండా చీపుర్లు లెక్కపెట్టాను. ఆమే చెప్పింది. నాలుగో వంతు గూళ్ళు మంచివి. మిగతావి మరకలు పడినవి, రెండేసి పురుగులు కలిసి కట్టినవి, చీపురు పుల్లలు అంటుకున్నవి. గూళ్ళు కొనేవాళ్ళు బుట్టలో చెయ్యి కూడా పెట్టలేదట.

"మరుదులు?" అన్నాను.

"నవ్వినారు. తోట ఇమ్మన్నారు. నేను ఇయ్యలే. ఇంగో పంట చూసి మాట్లాడండి అంటి. ఆ పంటా పోతే నాకు చెప్పుకునేదానికి నోరుండదు. ఎల్లుండి మళ్ళా పురుగు కడతాండా."

నేను గద్దె దిగాను. చూరు కింద చంద్రికలు చూపించాను. "ఇరవై అమ్మా, కొత్తవి. నీ కోసమే. బాడుగ వద్దు. ఇప్పుడే బండికి ఎత్తిస్తాను."

ఆమె ఒక చంద్రిక దించి చూసింది. బద్దల మీద వేళ్ళు పోనిచ్చింది. "బాగుండాయి," అంది. తగిలించేసింది.

"ఎప్పుడు తీసుకుపోతావు హనుమక్కా?"

నా మొహంలోకి చూసింది. కోపం ఉంటుందేమోనని చూశాను. కోపం ఉంటే బాగుండేది. చాలా మర్యాదగా, మెల్లగా చెప్పింది.

"రేపొస్తా లేప్పా."

వీధి దాటి పిళ్ళప్ప అంగట్లోకి వెళ్ళింది. వాడు ఆమెకు థాంక్యూ అన్నాడు. ఆ 'రేపు'కు అర్థం నాకు ఎవరూ పలక మీద రాసి చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా అమ్మిన సరుకు అది.

ఫిబ్రవరి 1, శనివారం. ఉదయం 6.15

నరసింహయ్య మేష్ట్రు పొద్దున్నే కాఫీపొడి కోసం వచ్చాడు. నెల అయిందని, కొత్త తోక చెప్తానని అన్నాడు. వద్దన్నాను. మొదటిదే ఇంకా రాలేదు. అర్థం మొన్న తెలిసింది, వాడుక ఇంకా తెలియదు. ఆయన కాఫీపొడి పొట్లం తీసుకుని, "ఇప్పుడు పాఠం మొదలైనట్ల," అని వెళ్ళిపోయాడు.

తీర్మానం, మళ్ళీ, మొదటి నుంచి: రన్ అవుట్ ఆఫ్.

ఈసారి తెలుగులో. సరుకు అయిపోతే, అడిగిన మనిషికి, వాళ్ళ భాషలో, వాళ్ళు వేరేచోటికి వెళ్ళగలిగే సమయం ఉన్నప్పుడే చెప్పాలి. రోజుకు అయిదుసార్లు. గద్దె మీద కూర్చునే. ఎవరు దగ్గినా. లక్ష్మికి ఇష్టమైతే ఉంటుంది, కాకపోతే పిళ్ళప్ప అంగడికి వెళ్ళి థాంక్యూ వింటుంది.

ముందు రాసి అలవాటు చేసుకుంటాను. పెన్సిలుతో.

లేదు.

రాశాను! పైకప్పు కూలలేదు. ఇప్పుడు పైకి అనాలి.

వెనక గడప మీద చేట చప్పుడు ఆగింది.

"ఏం రాస్తాండావప్పా?"

"ఏమీ..." అన్నాను. నోరు తెరుచుకునే ఉంది. రెండే అక్షరాలు. అమ్మ దగ్గింది.

"రేపు చెప్తానమ్మా."